మూడు పట్టీలు, రెండు కిలోలు: ఎడిన్‌బరాలో కుట్టించుకున్న నా కిల్ట్

స్కాట్లాండ్‌లో మగవాళ్ళు నడుముకు చుట్టి మోకాళ్ళ దాకా కట్టుకునే కుచ్చిళ్ళ బట్ట కిల్ట్. నాది చేతికొచ్చి 14 నెలలైంది. ఇప్పటికి 11 సార్లు కట్టుకున్నాను. నాలుగు పెళ్ళిళ్ళు, కవి రాబర్ట్ బర్న్స్ పేరు మీద చేసే బర్న్స్ నైట్ విందులు రెండు, ఒక హాగ్‌మనే రాత్రి (ఇక్కడి డిసెంబర్ 31 వేడుక), మిగతావి మా ఆసుపత్రి వాళ్ళు పెట్టుకునే కేలీలు, అంటే అందరూ కలిసి చేసే స్కాటిష్ జానపద డాన్సులు. కొత్త బట్ట మోజు తీరింది కాబట్టి ఇప్పుడు రాస్తే ఉన్నదున్నట్టు రాయగలననిపించింది. టార్టాన్ గురించి, అంటే కిల్ట్ గుడ్డ మీది రంగు గడుల నమూనా గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది పట్టీల గురించి, బకిల్స్ గురించి. ఇక్కడ కిల్ట్ కొన్న మనవాళ్ళలో నాకు తెలిసినంతలో ఎవరూ వీటి గురించి అడగలేదు. మొదటిసారి నేనూ అడగలేదు.

మాది బాపట్ల. నాన్న అక్కడ 40 ఏళ్ళు టైలరింగ్ షాపు నడిపారు. నేను నర్సుగా ఎడిన్‌బరా వచ్చి తొమ్మిదేళ్ళు. ఉండేది నగరంలోని లీత్ ప్రాంతంలో. తోటి ఉద్యోగుల పెళ్ళిళ్ళకు వెళ్తే మగవాళ్ళలో చాలామంది కిల్ట్‌లోనే కనిపిస్తారు. నన్నూ కట్టుకోమని అడిగారు, మనసారా అడిగారు. ఇక్కడ చాలా వంశాలకు సొంత టార్టాన్ ఉంటుంది కాబట్టి మన ఇంటిపేరుకు ఎక్కడుంటుంది అని సందేహం వస్తుంది కానీ, బ్లాక్ వాచ్ లాంటివి ఎవరైనా కట్టుకోవచ్చు. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు కలిసిన గడులు. హైలాండ్ సైనిక పటాలం పేరు మీద వచ్చిన టార్టాన్ అది. నేను రెండుసార్లూ దాన్నే తీసుకున్నాను.

మొదటిది రెడీమేడ్. పర్యాటకులు ఎక్కువగా తిరిగే వీధిలో ఒక షాపులో 70 పౌండ్లకు కొన్నాను. అక్రిలిక్ గుడ్డ. కుడివైపు రెండు బకిల్స్ మెరుస్తూ కనిపించాయి, అది చూసి బాగుందనుకున్నాను. ఎడమవైపు లోపల ఏముందో చూడలేదు. ఇంటికొచ్చాక చూస్తే వెల్‌క్రో ముక్క. సరేలే, లోపలిదే కదా, ఎవరు చూస్తారని ఊరుకున్నాను.

దాన్ని కట్టుకుని ఒక పెళ్ళికి వెళ్ళాను. అక్కడ రాత్రి స్ట్రిప్ ద విల్లో డాన్సు మొదలైంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆడా మగా రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు. జంట చేతులు కలిపి గిర్రున తిరిగి, తరువాత వరస పొడవునా ఒక్కొక్కరితో ఒక చుట్టు తిరుగుతూ కిందికి వెళ్తారు. మన కోలాటంలో ఉన్నంత వేగం, దానికి తోడు ఒకరినొకరు గట్టిగా లాగుకోవడం. మా వంతు సగం కూడా కాకముందే ఎడమ పక్క వెల్‌క్రో జర్రున ఊడింది. అప్పటిదాకా రెండు వైపులా పంచుకున్న బరువంతా కుడి నడుము బకిల్ మీద పడింది. ఆ బకిల్‌ను పట్టి ఉంచే చిన్న ముక్కను పై గుడ్డకు మాత్రమే కుట్టారు, వెనక ఏ ఆసరా లేదు. గుడ్డతో సహా చిరిగి వచ్చేసింది. మిగిలిన ఒక్క పట్టీతో, రెండు చేతులా నడుము దగ్గర పట్టుకుని పక్కకు వచ్చి నిలబడ్డాను. పెళ్ళికొడుకు వాళ్ళ అమ్మగారు రెండు పెద్ద పిన్నీసులు తెచ్చి ఇచ్చారు. ఆవిడ మేలు మరిచిపోలేను. కానీ ఆ రాత్రి మళ్ళీ డాన్సు చేయలేకపోయాను, ఇంకా చాలాసేపు ఉండాలని వెళ్ళినవాణ్ణి పది గంటలకే ఇంటికొచ్చేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తరువాత కిల్ట్ నిలబడే పద్ధతేమిటో కాస్త శ్రద్ధగా తెలుసుకున్నాను. ముందువైపు రెండు పొరలుంటాయి, వాటిని ఏప్రన్ అంటారు. వెనకంతా కుచ్చిళ్ళు. లోపలి ఏప్రన్‌ను ముందుగా ఎడమ తుంటి దాకా చుట్టుకోవాలి. దాని అంచున ఒక తోలు పట్టీ ఉంటుంది. ఎడమ పక్కన, నడుము దగ్గర గుడ్డలో ఒక చిన్న చీలిక ఉంటుంది. పట్టీని ఆ చీలికలోంచి బయటికి తీసి, పక్కన ఉన్న బకిల్‌లో బిగించాలి. ఆ తరువాత పై ఏప్రన్‌ను కుడివైపుకు చుట్టి, అక్కడ నడుము దగ్గర ఒక పట్టీ, తుంటి దగ్గర ఒక పట్టీ పెట్టుకోవాలి. మొత్తం మూడు. పాత సైనిక కిల్ట్‌లలో నడుము దగ్గరి రెండే ఉన్నవి చాలా కనిపిస్తాయి.

పైన పెట్టుకునే వెడల్పాటి బెల్టు కిల్ట్‌ను పట్టి ఉంచదు. అది అలంకారం. సంప్రదాయ పద్ధతిలో ఎనిమిది గజాల కిల్ట్ అంటే, పెద్ద పన్నా గుడ్డ నాలుగు గజాలు తీసుకుని పొడవునా రెండుగా చీల్చి కలుపుతారు. నాది గజం 16 ఔన్సులు తూగే ఊలు గుడ్డ. లెక్క వేసుకుంటే దాదాపు రెండు కిలోల బరువు. అందులో ఎక్కువ భాగం వెనక కుచ్చిళ్ళలోనే ఉంటుంది. అదంతా నడుము దగ్గరి ఆ రెండు పట్టీల మీద వేలాడుతుంది. హైలాండ్ వాళ్ళ పాత బెల్టెడ్ ప్లెయిడ్‌కు ఈ సమస్య లేదు. అది మన పంచెలా కుచ్చిళ్ళు కుట్టని గుడ్డ, కట్టుకున్న ప్రతిసారీ చేత్తో కుచ్చిళ్ళు పెట్టి పైన బెల్టు బిగించేవారు. కుచ్చిళ్ళను శాశ్వతంగా కుట్టేసిన తరువాత బరువు మోయడానికి వేరే ఏర్పాటు కావాల్సి వచ్చింది.

ఇక రెండో కిల్ట్. దీన్ని కుట్టింది నగరంలోనే చిన్న వర్క్‌షాపు నడిపే ఒకావిడ. ఆవిడా, ఇంకో అమ్మాయీ, ఇద్దరే. కుచ్చిళ్ళన్నీ చేతి కుట్టే. మొదటి రోజు నాకు జరిగింది చెబితే ఆవిడ నవ్వలేదు. ఆ చిరిగిన కిల్ట్ తెచ్చి చూపించమన్నారు. చూసి, బకిల్ ఉన్నచోట గుడ్డ లోపలికి వేలు పెట్టి, "ఇక్కడ ఏమీ లేదు" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటతో ఈవిడ దగ్గరే కుట్టించాలని నిర్ణయించుకున్నాను.

కిల్ట్ లోపల, నడుము నుంచి తుంటి దాకా, కుచ్చిళ్ళ వెనక మిగిలిన గుడ్డను కోసి తీసేస్తారు. లేకపోతే నడుము దగ్గర లావుగా అయిపోతుంది. కోసినచోట బలం కోసం గట్టి కాన్వాస్ వేసి కుడతారు. మన టైలర్లు కాలర్లలో, పట్టీల్లో బక్రం వేసే పని లాంటిదే, ఇది ఇంకా దిట్టంగా ఉంటుంది. బకిల్ కుట్టు ఈ కాన్వాస్ దాకా దిగాలి. అప్పుడు లాగుడు గుడ్డ మీద పడదు, కాన్వాస్ మీద పడుతుంది. తరువాత లోపలివైపు లైనింగ్ వేస్తారు కాబట్టి, పూర్తయ్యాక ఇది కొన్నవాడికి కనిపించదు. అందుకే ముందే అడగాలి. నేను లైనింగ్ వేయకముందు ఒకసారి వచ్చి చూస్తానంటే ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు.

ఎంచుకోవడానికి ఒక చెక్క పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో పట్టీలు, బకిల్స్. దాదాపు గంటసేపు కూర్చున్నాం.

పట్టీ వెడల్పు అంగుళం ఒకటి, అంగుళంపావు ఒకటి. నేను అంగుళంపావు తీసుకున్నాను. వెడల్పు ఎక్కువైతే బరువు ఎక్కువ మేర పరుచుకుంటుంది, రోజంతా కట్టుకున్నా పక్కటెముకల కింద నొక్కుకున్నట్టు ఉండదు. మందం విషయంలో ఆవిడ నన్ను ఆపారు. నేను అన్నిటికంటే మందమైన తోలు చూపిస్తే, దాని మీద వెయిస్ట్‌కోటు వేస్తే బయటికి ఉబ్బెత్తుగా కనిపిస్తుందని, చీలికలోంచి తేలిగ్గా జారదని చెప్పారు. మరీ పల్చనిదైతే సాగుతుంది, రంధ్రాలు కోలగా అయిపోతాయి. రెండు వేళ్ళతో మడిచి చూడమన్నారు. మంచి తోలు మడిస్తే ముడత పడి మళ్ళీ సర్దుకుంటుంది. పొడి చేసి అతికించిన తోలు మడత దగ్గర తెల్లగా పగులుతుంది. నా మొదటి కిల్ట్ పట్టీలు అప్పటికే అలా పగిలి ఉన్నాయి.

రంగు నలుపే తీసుకున్నాను. సాయంత్రం వేసుకునే ప్రిన్స్ చార్లీ కోటుకు నలుపూ వెండి రంగూ సరిపోతాయి. పగటిపూట ట్వీడ్ కోటుతో గోధుమరంగు తోలు చాలా బాగుంటుంది, ముఖ్యంగా లేత రంగుల టార్టాన్‌ల మీద. ఇంకొక మాట. తెలుపు ఎక్కువున్న టార్టాన్ తీసుకునేవాళ్ళు, తోలుకు వేసిన రంగు తడిస్తే దిగుతుందేమో తెల్ల గుడ్డ ముక్క తడిపి రుద్ది చూసుకోండి. ఎడిన్‌బరాలో వాన ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

బకిల్స్‌లో నికెల్ పూత వేసినవి, ఇత్తడివి, నలుపువి ఉన్నాయి. స్కాట్లాండ్ జాతీయ చిహ్నమైన తిసిల్ పువ్వు చెక్కినవీ ఉన్నాయి, చూడగానే చేయి అటే పోయింది. కానీ చేతిలో పట్టుకుని చూస్తే వాటి ముల్లు వదులుగా కదులుతోంది. ముల్లు చట్రం మీద సరిగ్గా ఆనాలి. ఆనకపోతే కదిలినప్పుడల్లా రంధ్రాన్ని కొరుకుతూ ఉంటుంది. నేను ఏ చెక్కడమూ లేని నికెల్ బకిల్ తీసుకున్నాను. నా స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే సంచి) గొలుసు కూడా వెండి రంగే, రెండూ కలుస్తాయి. అసలు కోటు, వెయిస్ట్‌కోటు వేసుకున్నాక బయటికి కనిపించేది ఒక్క తుంటి బకిలే, అదీ కోటు పక్కకు జరిగినప్పుడు. కనిపించని దాని మీద పువ్వుకు డబ్బు పెట్టే బదులు ముల్లు చూసుకుని తీసుకోవడం మేలు.

నాకు అన్నిటికంటే నచ్చింది బకిల్‌ను పట్టి ఉంచే ముక్క. చాలా కిల్ట్‌లకు అది కూడా నల్ల తోలే ఉంటుంది. ఆవిడ టార్టాన్ గుడ్డతోనే చేస్తానన్నారు. గుడ్డను మడతలు పెట్టి, లోపల కాన్వాస్ వేసి, కింద ఉన్న గడుల గీతకు ఇక్కడి గీత సరిగ్గా కలిసేలా కుట్టారు. దూరం నుంచి చూస్తే బకిల్ ఒక్కటే గుడ్డ మీద తేలినట్టుంటుంది. జేబు గడులు చొక్కా గడులకు కలపడం కోసం నాన్న చేతిలోని కత్తెర పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించడం చిన్నప్పుడు చూశాను. అదే శ్రద్ధ ఇక్కడ రెండంగుళాల ముక్కలో కనిపించింది.

కొలతలు బొడ్డు దగ్గర తీసుకున్నారు, ప్యాంటు నిలిచే చోట కాదు. మూడుసార్లు తీశారు. కిల్ట్ పై అంచు అక్కడి నుంచి ఇంకో రెండంగుళాలు పైకి వస్తుంది. నడుము పట్టీలు పై అంచు దగ్గర కాకుండా నడుము సన్నబడిన చోటే రావాలి. అక్కడైతే తుంటి ఎముకల మీద బరువు ఆగుతుంది, కిందికి జారదు. ఒక్కో పట్టీకి ఐదు రంధ్రాలు. "ఇవాళ్టి మీ నడుము మూడో రంధ్రంలో పడాలి. లావెక్కినా రెండు, తగ్గినా రెండు మిగులుతాయి" అన్నారు. దానితో పాటు ఆవిడ చెప్పిన ఇంకో సంగతి నాకు తెలియనిది: వదులు చేసుకోవాల్సి వస్తే ఎడమా కుడీ రెండూ సమానంగా చేసుకోవాలి. ఒకవైపే వదిలితే ఏప్రన్ పక్కకు జరుగుతుంది, మధ్య గీత బొడ్డుకు సూటిగా ఉండదు. బ్లాక్ వాచ్‌లో గడులు పెద్దవి కాబట్టి కొద్దిగా జరిగినా తెలుస్తుంది.

ఇప్పుడు ఇబ్బందులు. ఎనిమిది వారాలన్నారు, 11 వారాలు పట్టింది. మధ్యలో ఫోన్ చేయలేదు, నేనే రెండుసార్లు చేశాను. ఆ రోజుల్లో ఒక పెళ్ళి ఉంది, దానికి అందుతుందో లేదోనని టెన్షన్ పడ్డాను. చివరికి అందలేదు, సూటు వేసుకుని వెళ్ళాను. ముందే చెప్పి ఉంటే అద్దెకు తెచ్చుకునేవాణ్ణి.

రెండోది తుంటి పట్టీ. ఇంటికి తెచ్చి అద్దం ముందు నిలబడితే, నడుము దగ్గర అంతా సరిగ్గా ఉంది కానీ తుంటి పట్టీ చివరి రంధ్రంలో పెట్టినా బిగుతుగా ఉంది. పై ఏప్రన్ కుడి అంచు వెనక్కి లాగినట్టు వంకరగా ఉంది. కూర్చుని లేస్తే కుచ్చిళ్ళు తుంటి కింద విచ్చుకుంటున్నాయి. తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ తుంటి పట్టీ తీసేసి నన్ను అటూ ఇటూ నడవమన్నారు. వెంటనే ఏప్రన్ నిటారుగా పడింది. ఆ పట్టీ బరువు మోయడానికి కాదు, ఏప్రన్ అంచు ఎగరకుండా ఆనించి ఉంచడానికి మాత్రమే. అది లాగిందంటే బకిల్ ఉండాల్సిన చోట లేనట్టే. బకిల్‌ను అరంగుళం ముందుకు జరపాలని తేల్చారు. తప్పు తనదేనని ఒప్పుకుని, విప్పి మళ్ళీ కుట్టి వారంలో ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. పాత కుట్టు జాడ వెతికితే కనిపిస్తుంది. గడుల గీత మాత్రం కొత్త చోట కూడా కలిపారు, అంటే ఆ ముక్కను మళ్ళీ కొత్తగా కోసి చేసినట్టే.

ఎవరు కుట్టినా సరే, కిల్ట్ తీసుకునే రోజు అక్కడే ఒకసారి కూర్చుని లేవండి, తుంటి పట్టీ కింద రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో చూడండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కిల్ట్ కూడా తీసుకెళ్ళాను, నాన్న కోసం. కళ్ళద్దాలు పెట్టుకుని వెలుతురు కోసం వసారాలోకి తెచ్చుకుని కూర్చున్నారు. బయటివైపు అసలు చూడలేదు, తిరగేసి లోపలివైపు చూడటం మొదలుపెట్టారు. బకిల్ ఉన్నచోట బొటనవేలు పెట్టి గట్టిగా లాగారు. కుచ్చిళ్ళు లెక్కపెట్టారు. ఎడమ పక్క చీలిక దగ్గర ఆగిపోయారు.

"ఇది కాజా రా" అన్నారు.

"పట్టీ దూరడానికి నాన్నా."

"తెలుస్తోందిలే. కోటు కాజా చేసినట్టు చేత్తో అంచంతా చుట్టింది. మూలల్లో చూడు, రెండు కుట్లు ఎక్కువ వేసింది. పట్టీ లాగేది అక్కడే కదా. ఎవరు రా కుట్టింది?"

ఆవిడ ఫోటో చూపించాను. నాన్న చాలాసేపు చూశారు. తరువాత ఆవిడ ఏ సూది వాడతారో, దారానికి మైనం పూస్తారో లేదో అడిగి చెప్పమన్నారు. తోలు కుట్టడానికి మైనం పూసిన దారమే వాడతారని తిరిగి వచ్చాక కనుక్కుని చెప్పాను. సూది నంబరు ఆవిడ ఒక కాగితం మీద రాసిచ్చారు, దాన్ని ఫోటో తీసి పంపాను.

తోలు వాడని మిత్రులు ఒకరు నా కిల్ట్ చూసి, పట్టీల వల్ల తాను కట్టుకోలేనేమో అన్నారు. వారి తరఫున ఆవిడను అడిగాను. దిట్టమైన నేత పట్టీతోనో, మంచి సింథటిక్ తోలుతోనో చేస్తానన్నారు. ముందే చెబితే చాలు. రంధ్రాల చుట్టూ అంచు చేత్తో చుట్టాలి కాబట్టి కొంచెం పని ఎక్కువ.

వాడుకలో పట్టీలు ఎలా ఉన్నాయంటే, 11 సార్ల తరువాత ఎడమ పట్టీ మూడో రంధ్రం రవ్వంత సాగింది, కుడివి కొత్తవాటిలాగే ఉన్నాయి. ఎడమదే కదా మొదట బిగించేది, డాన్సులో లోపలి ఏప్రన్‌ను కదలకుండా పట్టుకునేది. నికెల్ పూత ఎక్కడా లేవలేదు. తడిసి వచ్చిన రాత్రి బకిల్స్ అన్నీ విప్పి, తోలును పొడిగుడ్డతో తుడిచి, ఆరాక చాలా కొద్దిగా లెదర్ క్రీము వేలితో రాస్తాను, ఊలుకు తగలకుండా. బకిల్స్ పెట్టేసి బీరువాలో వేలాడదీస్తే పట్టీ ఆ వంపులోనే గట్టిపడుతుంది. నేను క్లిప్పుల హ్యాంగరుకు తగిలించి పట్టీలు వదిలేస్తాను.

ధర 680 పౌండ్లు, పట్టీలూ బకిల్స్ కలిపి. ఇత్తడి బకిల్స్ తీసుకున్నా అదే ధర. చెక్కడం ఉన్నవాటికి అదనం. చిన్న మొత్తం కాదు, నేను ఐదు నెలలు దాచాను. ఏడాదికి ఒక్కసారే అవసరమయ్యేవాళ్ళు మంచి అద్దె షాపుకు వెళ్ళడం మేలు. రకరకాల నడుములకు సరిపోవాలని అక్కడి కిల్ట్‌లకు పొడవాటి పట్టీలు, ఎక్కువ రంధ్రాలు పెడతారు. తెచ్చుకునేముందు ఎడమ పట్టీ ఒక్కసారి లాగి చూడండి.

స్ట్రిప్ ద విల్లో ఈ కిల్ట్‌తో ఇప్పటికి ఏడుసార్లు చేశాను, చివరిదాకా.

ఈ చలికాలం నేను కాస్త లావెక్కాను. ఎడమ పట్టీ సాగిన రంధ్రం వల్ల కొంచెం వదులైంది, కుడి నడుము పట్టీ మాత్రం నాలుగో రంధ్రంలోకి వెళ్ళింది. ఏప్రన్ మధ్య గీత బొడ్డు నుంచి వేలెడు పక్కకు జరిగింది, ఆవిడ చెప్పినట్టే. ఎడమ పట్టీ మార్చి, రెండు బకిల్స్ సరిచేయడానికి 30 పౌండ్లు అవుతుందన్నారు. ఏప్రిల్‌లో మా వార్డు అమ్మాయి పెళ్ళి ఉంది. ఈసారి ఆరు వారాల ముందే ఇచ్చి, తేదీ కాగితం మీద రాయించుకుని వచ్చాను.